అంగీకారాధికారి

ఏప్రిల్ పదిహేడో తేదీ ఉదయం పదకొండు గంటలకు రాళ్ళపేట రేవులోని చిన్న పడవల నమోదు కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు కన్నుమూసింది. పోతూ పోతూ తెరమీద ఒక వాక్యం రాసి పోయింది. "మీ ఆపరేటింగ్ సిస్టమ్ కాలపరిమితి ముగిసినది."

సీనియర్ అసిస్టెంటు దమయంతి ఏమీ కంగారుపడలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆ ఆఫీసులో కాలపరిమితి ముగియని వస్తువును ఆవిడ ఎరగదు. మంటలార్పే సిలిండరుకు ముగిసింది. మందుల పెట్టెలో టింక్చరుకు ముగిసింది. ఆఫీసున్న అద్దె భవనానికి ముగిసి ఆరేళ్ళయింది. అన్నీ పనిచేస్తూనే ఉన్నాయి, లేదా పనిచెయ్యకుండా ఉన్నాయి, కాని ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. కంప్యూటరు మాత్రమే ఆ ముక్కను మనసుకు తీసుకుంది.

అది మామూలు రోజులైతే ఫరవాలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు వేట నిషేధం. జూన్ పద్నాలుగు అర్ధరాత్రి దాకా పడవలన్నీ ఇసుక మీదే. ఆ రెండు నెలల్లోనే మత్స్యకారులు వచ్చి పడవల కాగితాలు సరిచేయించుకోవాలి. కాగితం లేని పడవను రేవు దాటనివ్వరు. చేత్తో రాసిచ్చే కాగితం చెల్లదని పదేళ్ళ కిందట సర్క్యులరు వచ్చింది. ఆ సర్క్యులరు చేత్తో రాసి వచ్చింది.

సంగతి విని విశాఖపట్నం నుంచి ఒక టెక్నాలజీ కంపెనీ తరఫున నస్రీన్ అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. తమ కంపెనీ ఆపరేటింగ్ సిస్టమునూ, ప్రోగ్రాములు రాసుకునే డెవలపర్ సాఫ్ట్‌వేరునూ అందరికీ ఉచితంగా ఇస్తుందనీ, అరగంటలో కంప్యూటరు లేచి కూర్చుంటుందనీ చెప్పింది. ఉచితం అనగానే రిజిస్ట్రారు త్రివిక్రమరావుగారు అనుమానించలేదు. ఆయన మంచి మనిషి. కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, టీ తెప్పించి, అమ్మాయి పని చూస్తూ కూర్చున్నారు.

ఇరవై ఎనిమిదో నిమిషంలో తెరమీద ఒక పొడుగాటి ఒప్పందం ప్రత్యక్షమైంది. దాని అడుగున రెండే రెండు గళ్ళు. ఒకదానిలో "నేను అంగీకరిస్తున్నాను" అని, రెండోదానిలో "నేను అంగీకరించను" అని ఉంది.

"మేడమ్, మొదటిది నొక్కెయ్యండి. మౌస్‌తో అయినా, కీబోర్డు మీద ఎంటర్ మీట కొట్టినా సరే," అంది నస్రీన్.

దమయంతి చెయ్యి చాపింది.

"ఆగండి!" అన్నారు త్రివిక్రమరావుగారు. టీ గ్లాసు కింద పెట్టి లేచారు. "ఈ 'నేను' ఎవరు?"

దమయంతి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నొక్కినవాళ్ళేనండి," అంది దమయంతి.

"అంటే మీరు. మీరు ఒప్పుకుంటే అది మీ సొంత ఒప్పందం, ప్రభుత్వానికి సంబంధం లేదు. పోనీ నేను నొక్కితే నేను. వచ్చే ఏడు నేను రిటైరవుతాను. ఆ తర్వాత ప్రభుత్వం ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా?"

"సార్, ఇది మామూలుగా ఉండేదే. ప్రపంచంలో అందరూ చదవకుండా నొక్కేస్తారు," అంది నస్రీన్.

"చదవకుండా ఒప్పుకునే స్వాతంత్ర్యం ప్రజలకుందమ్మా. మాకు లేదు."

"పోనీ 'అంగీకరించను' అని నొక్కి బయటికొచ్చేద్దామా?"

త్రివిక్రమరావుగారు ఆ పిల్ల వైపు జాలిగా చూశారు. "తిరస్కరించే అధికారం మాత్రం నాకెక్కడిది?"

అలా ఫైలు పుట్టింది. సూపరింటెండెంటు భానుమూర్తి దానికి పేరు పెట్టాడు: "విషయము: కంప్యూటరు నందు 'నేను' అను పదమునకు అర్హుడైన అధికారిని నిర్ధారించుట గురించి." ఆ నిర్ధారణ జరిగేదాకా తెర ఉన్నది ఉన్నట్టుగా ఉండాలి కాబట్టి కంప్యూటరు ఆర్పకూడదన్నారు. చెయ్యి తగిలి ఒప్పందం జరిగిపోకుండా మౌసును గుడ్డలో చుట్టి లక్కతో సీలు వేశారు. కీబోర్డు మీద గాజు మూత బోర్లించారు. అటెండరు గౌరీశు బల్ల తుడవడం మానేశాడు. దానికి ఆఫీసులో ఎవరూ పెద్దగా ఆక్షేపించలేదు.

వారం తిరక్కుండా త్రివిక్రమరావుగారికి ఇంకో ఆలోచన వచ్చింది. నస్రీన్‌ని మళ్ళీ పిలిపించారు.

"అమ్మా, ప్రభుత్వంలో 'నేను' ఉండదు. 'పరిశీలించబడినది', 'ఆదేశించబడినది', ఇలా జరుగుతాయి. ఎవరు చేశారన్నది రాదు. మీ గడిలో 'అంగీకరించబడినది' అని మార్పిస్తే చిక్కు వీడిపోతుంది. అప్పుడు ఎవరూ అంగీకరించనక్కర్లేదు. అంగీకారం దానంతటదే జరుగుతుంది."

నస్రీన్ ముఖం వికసించింది. "అదెంత సార్! ఇది ఉచిత సాఫ్ట్‌వేరు. లోపలి కోడంతా తెరిచే ఉంటుంది. ఎవరైనా మార్చుకోవచ్చు. మా డెవలపర్ సాఫ్ట్‌వేరు నా ల్యాప్‌టాప్‌లో మీ ఆఫీసు పేరు మీద పెడతాను, పది నిమిషాల్లో మార్చేద్దాం."

తొమ్మిది నిమిషాల తర్వాత ల్యాప్‌టాప్ మీద రెండు గళ్ళు కనిపించాయి. "నేను అంగీకరిస్తున్నాను." "నేను అంగీకరించను."

భానుమూర్తి నిట్టూర్చి రెండో ఫైలుకు అట్ట కత్తిరించడం మొదలుపెట్టాడు. నస్రీన్ ల్యాప్‌టాప్‌కు కూడా గాజు మూత వేద్దామన్నారు గాని, ఆ పిల్ల దాన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కేసింది.

మే మొదటి వారంలో సూరాడ పోలమ్మ ఆఫీసుకొచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి. ఆమె భర్త లచ్చన్న పచ్చకామెర్లతో కార్తీకంలో పోయాడు. పడవ అతని పేరనే ఉంది. దాన్ని తన పేరుకు మార్పించుకోవాలి. కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి తెచ్చింది.

"పడవ నాది. మొగుడు నావోడు. ఆడు పోనాడన్నది నిజిం. ఇంకేటి గావాలమ్మా?"

"అన్నీ ఉన్నాయి పోలమ్మా. కంప్యూటరే ఒప్పుకోవాలి."

"ఒప్పుకోదేటి?"

"అది కాదు. మనమే ఒప్పుకోవాలి. ఎవరు ఒప్పుకోవాలో తేలలేదు."

పోలమ్మ గాజు మూత వైపు చూసింది. చచ్చినవాళ్ళ ఫోటోకు పెట్టినట్టుగా ఎవరో భక్తిగా మూత మీద ఓ బంతిపువ్వు కూడా పెట్టారు.

"జూను పదేను నాటికి కాయితం రాకపోతే నా పడవ కదల్దు. నలుగురు కలాసీలున్నారు. పని లేకపోతే ఆళ్ళు వీరావలు రైలెక్కీస్తారు. గుజరాతు ఎల్లిపోయినోడు మల్లీ దీపావళికి గాని రాడు. మనుసులు లేకండా పడవేటి సేసుకోను? మీరే సెప్పండి."

దమయంతి కాగితాలను మళ్ళీ రెండు సంచుల్లోనూ సర్ది ఇచ్చింది. ఆవిడకు ఆ రాత్రి అన్నం సయించలేదని చెబితే అతిశయోక్తి. తిన్నది, కాని పెరుగన్నంలో ఉప్పు వేసుకోవడం మరిచిపోయింది. తెల్లవారి ఆఫీసుకు వెళ్ళి, ఫైళ్ళు తనే పట్టుకుని రాజధానికి వెళతానని రిజిస్ట్రారును అడిగింది.

రాజధానిలో లా ఆఫీసరు విశ్వపతిగారు ముందే తెప్పించుకున్న ఒప్పందాన్ని తెలుగులోకి మార్పించి ఉంచారు. అరవై రెండు పేజీలయింది. ఆయన దాన్ని పూజలో చదివే పుస్తకంలా రెండు చేతులతో పట్టుకున్నారు.

"అమ్మా దమయంతిగారూ, ముప్ఫై ఏళ్ళుగా న్యాయపత్రాలు రాస్తున్నాను. ఇంత గొప్ప రచన నేను చూడలేదు. వినండి. 'ఈ సాఫ్ట్‌వేరు ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడుచున్నది. ఇది పనిచేయునని గాని, ఏ పనికైనా పనికివచ్చునని గాని మేము హామీ ఇవ్వము. దీనివలన కలుగు ఏ నష్టమునకును మేము బాధ్యులము కాము.' ఏం వాక్యాలండీ! ఇన్నాళ్ళూ మన శాఖకు ఇది ఎందుకు తట్టలేదు?"

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఇకమీదట శాఖ ఇచ్చే ప్రతి ధ్రువపత్రం కిందా ఆ మూడు వాక్యాలూ అచ్చువేయాలని అక్కడికక్కడే సిఫారసు రాశారు. ఆ సిఫారసు మధ్యాహ్నానికల్లా ఆమోదం పొందింది.

"మరి నొక్కవచ్చాండి?" అంది దమయంతి.

"పందొమ్మిదో పేజీలో అసలు ప్రమాదం ఉంది. 'ఈ సాఫ్ట్‌వేరును వాడుటకు, శోధించుటకు, మార్చుటకు, పంచుటకు మీకు స్వేచ్ఛ ఇవ్వబడినది.' ప్రభుత్వోద్యోగి బయటి సంస్థ నుంచి స్వేచ్ఛ పుచ్చుకోవచ్చునా? ప్రవర్తనా నియమావళిలో పూలదండ దాకా చెప్పారు గాని స్వేచ్ఛ మాట ఎక్కడా లేదు."

దానికో కమిటీ వేశారు. కమిటీ ఐదుసార్లు కూర్చుంది. ఒక సభ్యుడు స్వేచ్ఛను పుచ్చుకుని స్టోరులో జమచేసి, వాడకుండా ఉంచితే తప్పులేదన్నాడు. ఇంకొకాయన నాలుగు స్వేచ్ఛల్లో వాడుకునేది ఒకటే పుచ్చుకుని మిగతా మూడూ తిప్పి పంపుదామన్నాడు. చివరికి 'నేను' అనే హోదాకు కమిషనరుగారు ఒక్కరే తగినవారని జూన్ ఏడో తేదీన తేల్చారు.

జూన్ పదిన కమిషనరుగారు రాళ్ళపేట వచ్చారు. రేవు మొదట్లో షామియానా వేశారు. గాజు మూత తీసి, కీబోర్డుకు ఎర్ర రిబ్బను కట్టారు. కొబ్బరికాయ కొట్టారు. మైకులో ఎవరో "చారిత్రాత్మకమైన నొక్కుడు" అన్నారు. పోలమ్మ, ఇంకా నలభై ఒక్క పడవల వాళ్ళు ఎండలో నిలబడ్డారు. కమిషనరుగారు చూపుడువేలు ఎత్తారు. ఫోటోలు తీశారు. ఆ వేలు అలా గాలిలో ఉండగా ఆయన విశ్వపతిగారి వైపు వంగారు.

"ఇది నొక్కితే ఈ 'నేను' అంటే నేనేనా?"

"సాంకేతికంగా తమరే సార్."

"ఎప్పటిదాకా?"

"ఒప్పందంలో గడువు లేదు సార్."

కమిషనరుగారు వేలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఉచిత సాంకేతికత దేశానికి ఎంత అవసరమో నలభై నిమిషాలు మాట్లాడారు. వెళుతూ వెళుతూ, నొక్కే బాధ్యతను కిందివారికి బదలాయిస్తున్నట్టు ఉత్తర్వు ఇచ్చారు.

పైకి వెళ్ళడానికి యాభై రోజులు తీసుకున్న ఫైలు కిందికి మూడు రోజుల్లో దిగింది. కమిషనరు నుంచి జాయింటు కమిషనరుకు, ఆయన నుంచి త్రివిక్రమరావుగారికి, ఆయన నుంచి భానుమూర్తికి. భానుమూర్తికి కింద దమయంతి ఉంది. దమయంతికి కింద గౌరీశు ఉన్నాడు గాని ఆ రోజు సెలవు పెట్టాడు. పదమూడో తేదీ సాయంత్రం ఆవిడ చేతికి ఉత్తర్వు అందింది. అందులో చివరి వాక్యం విశ్వపతిగారు స్వయంగా చేర్చింది. "ఒప్పందము కుదుర్చుకొను అధికారము సీనియర్ అసిస్టెంటు స్థాయికి లేనందున, శ్రీమతి దమయంతి మీటను నొక్కవచ్చును, అంగీకరించరాదు."

పద్నాలుగో తేదీ ఉదయం దమయంతి కుర్చీలో కూర్చుంది. పక్కన భానుమూర్తి తెల్లకాగితంతో నిలబడ్డాడు. నొక్కే సమయాన ఆవిడ అంగీకరించలేదని ధ్రువీకరించడం అతని విధి.

"నొక్కుతున్నానండి."

"ఉండండుండండి. మీ మనసులో ఏముందో చెప్పండి."

"కాగితాలు తొందరగా ఇచ్చేస్తే బాగుండునని ఉంది."

"చూశారా! అది అంగీకారమే. తీసెయ్యండి వేలు."

పది గంటలకు ఒకసారి, పదకొండున్నరకు ఒకసారి ప్రయత్నించారు. దమయంతి కళ్ళు మూసుకుని ఎక్కాలు చదువుకుంది. ఏమీ ఆలోచించకుండా నొక్కబోయింది. ఏమీ ఆలోచించకపోతే అంగీకరించలేదని రుజువేమిటని భానుమూర్తి అడిగాడు. అతనిదీ తప్పు కాదు. ఇద్దరాడపిల్లల తండ్రి, కిందటేడే ఓ మెమో తిన్నాడు. రెండు గంటలకు తలనొప్పి వచ్చి, టీ తాగొస్తానని వరండాలోకి వెళ్ళాడు.

అప్పుడు పోలమ్మ లోపలికి వచ్చింది.

"అమ్మా, మావోళ్ళు సంచులు సర్దీసినారు. సాయంత్రం విశాఖ బండి. నాకో మాట సెప్పు. కాయితం వస్తాదా, రాదా?"

దమయంతి ఉత్తర్వు చదివి వినిపించింది. పోలమ్మ రెండుసార్లు చదివించుకుంది.

"నొక్కచ్చు గాని ఒప్పుకోరాదు. అంతేనా?"

"అంతే."

"ఇందులో ఒప్పుకోడానికి ఏటుంది?"

"'నేను' అని ఉంది. ఆ నేను ఎవరో తెలీదు."

"నేనంటే తెలవకపోడమేటమ్మా?" పోలమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నేనంటే నానే." ఆమె బల్ల దగ్గరికి వచ్చి కీబోర్డు మీదికి వంగింది. "ఏది నొక్కాల?"

ఇరవై రెండేళ్ళ సర్వీసు, రాబోయే పింఛను, మూడో తరగతిలో చేర్చిన మనవరాలు, అన్నీ ఒక్కసారి దమయంతి కళ్ళ ముందుకొచ్చాయి. తర్వాత ఎదురుగా గోడమీది బోర్డు కనిపించింది. "పౌరులు అడిగిన సమాచారము ముప్పది దినములలో ఇవ్వవలెను." దమయంతి ముప్ఫై సెకన్లు కూడా తీసుకోలేదు.

"కుడిచేతి వైపు ఆ పెద్ద మీట."

పోలమ్మ వేలు చీరకు తుడుచుకుని నొక్కింది.

కంప్యూటరు కిచకిచలాడి లేచింది. దమయంతి అంత వేగంగా టైపు చెయ్యగలదని ఆవిడకే తెలియదు. భానుమూర్తి టీ తాగి వచ్చేసరికి పోలమ్మ పడవ కాగితం ప్రింటరులోంచి సగం బయటికొచ్చింది. అతని కేకకు త్రివిక్రమరావుగారు పరుగున వచ్చారు. కాగితాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు. అది కంప్యూటరు నుంచే వచ్చింది. అడుగున ఏ నష్టమునకును శాఖ బాధ్యత వహించదని కూడా ఉంది. సంతకం చెయ్యకుండా ఉండడానికి ఆయనకు ఏ ఆధారమూ దొరకలేదు. చేశారు.

పోలమ్మ స్టేషనుకు ఆటోలో వెళ్ళి, కదలబోతున్న రైల్లోంచి నలుగురినీ సంచులతో సహా దింపేసింది. పదిహేనో తేదీ తెల్లవారకముందే ఆమె పడవ రేవు దాటింది.

మిగతా నలభై ఒక్క పడవలూ ఇసుక మీదే ఉండిపోయాయి. ఎందుకంటే పోలమ్మ కాగితం మీద సంతకం ఆరకముందే త్రివిక్రమరావుగారు కంప్యూటరుకు మళ్ళీ గాజు మూత వేయించారు. ఒప్పుకున్నది పోలమ్మ కాబట్టి అందులోని స్వేచ్ఛలన్నీ పోలమ్మవి. ఆమె తన కాగితం తాను తీసుకోవడంలో ఆక్షేపణ లేదు. ఇతరుల కాగితాలకు ఆమె అనుమతి లేకుండా ఆ కంప్యూటరును వాడితే పరాయి సొత్తును వాడినట్టవుతుంది. రాజధానికి రాశారు. విశ్వపతిగారి జవాబు పన్నెండో రోజున వచ్చింది. "శ్రీమతి సూరాడ పోలమ్మ, భర్త కీ.శే. లచ్చన్న, ఇందుమూలముగా సదరు కంప్యూటరునకు అంగీకారాధికారిగా గుర్తించబడినది. ఆమె అనుమతి పొంది తదుపరి చర్య గైకొనునది."

అదే రోజు కంప్యూటరు కూడా ఒక మాట చెప్పింది. కొత్త అప్‌డేటు వచ్చిందనీ, మారిన షరతులకు సాయంత్రం ఆరులోగా ఒప్పుకోకపోతే తాను ఆగిపోతాననీ.

కంప్యూటరునూ ప్రింటరునూ ట్రాలీ రిక్షా మీద పెట్టి, ఆఫీసు ఆఫీసంతా రేవులోని చేపల వేలం షెడ్డుకు నడిచింది. నస్రీన్ కూడా వచ్చింది. పోలమ్మ ఇంకో ముగ్గురాడవాళ్ళతో కలిసి గట్టుమీద రొయ్యలొలుస్తోంది. త్రివిక్రమరావుగారు నమస్కారం పెట్టి, ఉత్తర్వు చదివి వినిపించి, మీట చూపించారు.

"ఇక్కడ నొక్కితే చాలు తల్లీ."

"ఏటి రాసుందో సదవండి," అంది పోలమ్మ.

"అరవై రెండు పేజీలు."

"ఆ రోజు రైలు ఎల్లిపోతాదని సదివించుకోలేదు. ఇయ్యాల నాకు తొందర్లేదు."

దమయంతి చదివింది. రెండు గంటలు పట్టింది. ప్రపంచంలో ఆ ఒప్పందాన్ని పూర్తిగా విన్న మొదటి వినియోగదారు పోలమ్మేనని నస్రీన్ మెల్లగా అంది. ఏ నష్టానికీ బాధ్యులం కాము అన్న చోట పోలమ్మ చెయ్యెత్తింది.

"పడవ ములిగిపోతే నాకేటి సమ్మందం అంతన్నాడా ఈడు?"

"ఉచితంగా ఇస్తున్నాం కదమ్మా," అంది నస్రీన్.

"ఉత్తినే ఇచ్చిన పడవైతే నీల్లల్లో ములగమేటి?"

నస్రీన్ నోటుపుస్తకం తీసి అది రాసుకుంది.

"సరే, ఒప్పుకుంతాను," అంది పోలమ్మ చివరికి. "గాని ముందు ఈ నలభై ఒక్క కాయితాలూ ఇక్కడే, ఇప్పుడే తియ్యండి. ఆ తరవాతే నొక్కుతాను."

త్రివిక్రమరావుగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, అంగీకారాధికారి షరతు పెట్టవచ్చునా అన్నది కమిటీ తేల్చాల్సిన..."

"అయితే నానూ కమిటీ ఏసుకుంతాను." పోలమ్మ పక్కనున్న ముగ్గురి వైపు చూసింది. "ఎర్రమ్మ, దానమ్మ, కొర్లమ్మ. ఓలమ్మా, ఏటంతారు?"

"రేపు కూకుందారి," అంది దానమ్మ తల ఎత్తకుండా. "ఇయ్యాల రొయ్యలున్నాయి."

త్రివిక్రమరావుగారు గడియారం చూశారు. మూడున్నర. ఆరుకు కంప్యూటరు ఆగిపోతుంది. ఆగిపోతే కారణం రాయాలి. కారణంగా మత్స్యకార మహిళల కమిటీ సమావేశం వాయిదా అని రాయాలి. ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

వేలం షెడ్డు ప్లగ్గులోంచి కరెంటు తీశారు. దమయంతి టైపు చేసింది, భానుమూర్తి ప్రింటు తీశాడు, త్రివిక్రమరావుగారు ఐసుపెట్టె మీద పెట్టుకుని సంతకాలు చేశారు. ఇరవయ్యో కాగితం దగ్గర అలవాటుగా "సిఫారసు చేయబడినది" అని రాసి కొట్టేశారు. నలభై ఒకటోది ఐదూ నలభైకి పూర్తయింది. పోలమ్మ వేలు తుడుచుకుని మీట నొక్కింది.

దమయంతి కుర్చీలోనే ఉండిపోయింది. ఆనాటి పని ఆనాడే అయిపోవడం సర్వీసులో ఇదే మొదటిసారి. ఇంటికి వెళ్ళాలని తెలుసు గాని, లేవబోతే ఏదో పని మిగిలి ఉన్నట్టే ఉంది. ఒళ్ళో ఖాళీ చేతులు పెట్టుకుని వాటి వంక చూసుకుంటోంది.

"ఊరికినే కూకున్నావేటమ్మా?" పోలమ్మ గంప ఆవిడ ముందుకు తోసింది. "తల ఇరిసీ, తొక్క లాగీ. అంతే."

దమయంతి ఒకటి తీసుకుని ఒలిచింది. బాగానే వచ్చింది. త్రివిక్రమరావుగారు కాసేపు నిలబడి చూశారు. తర్వాత చొక్కా చేతులు మడుచుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా, గట్టుమీద కూర్చుని ఓ గుప్పెడు రొయ్యలు తన ముందుకు లాక్కున్నారు.